ఏడో అధ్యాయంలో పగిలిన గాజు

పన్నెండో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉన్న ఆ వేసవిలో అమ్మకు తోడుగా భవానీపూర్ వెళ్ళేదాన్ని. అక్కడ ఒక బ్యాంకు ఆఫీసరుగారింట్లో అమ్మ వంట చేసేది. మేము ఖిదిర్‌పూర్‌లో, ఓడరేవు దగ్గర, తాతల కాలంలో వలస వచ్చిన తెలుగు పారిశుద్ధ్య కార్మికుల క్వార్టర్స్‌లో ఉండేవాళ్ళం. ఆఫీసరుగారు హైదరాబాదు నుంచి బదిలీ మీద వచ్చారు. వాళ్ళమ్మాయిది నా వయసే. ఊరు కొత్త, బెంగాలీ రాదు, స్నేహితులు లేరు. పగలంతా ఏసీ గదిలో ల్యాప్‌టాప్ ముందు కూర్చుని ఇంగ్లీషులో నవల రాసేది.

వేసవి సెలవుల్లో పుట్టిన ప్రేమ, చివర్లో ఒక హత్య. కథ అదేనని చెప్పింది. అంతా ఓడరేవు దగ్గర జరగాలి, కానీ తనెప్పుడూ అటువైపు వెళ్ళలేదు. మొదట బస్సుల గురించి, క్రేన్ల గురించి, నది వాసన గురించి అడిగింది. ఒకరోజు, నువ్వెవరినైనా ప్రేమించావా అని అడిగింది.

అప్పటిదాకా ఆ మాట నన్నెవరూ అడగలేదు. చెప్పేశాను.

అతను మా పక్క లైన్లో ఉండేవాడు. గార్డెన్ రీచ్‌లో ఓడల పనికి వెల్డింగ్ నేర్చుకుంటున్నాడు. నిప్పురవ్వలు పడి ఎడమ మోచేతి కింద చింతగింజంత మచ్చ ఉండేది. వారానికి రెండుసార్లు ఒకే బస్సెక్కి, దూరదూరంగా కూర్చుని, చివరి స్టాపులో దిగి టీ తాగి వచ్చేవాళ్ళం. ఒకసారి నేను చూసుకోకుండా రోడ్డు దాటబోతుంటే ఆటో మీదికొచ్చింది. అతను నా మణికట్టు పట్టి వెనక్కి లాగాడు. గాజు పగిలి చెయ్యి కోసుకుంది. రక్తం నాదైనా వణికింది అతను. జేబురుమాలు కట్టి, టీకొట్టు బల్ల మీద అలాగే చాలాసేపు నా చెయ్యి పట్టుకుని కూర్చున్నాడు. ఇదంతా చెబుతుంటే ఆమె టైపు చేసుకుంది. నా మాటలు ఒకరు రాసుకుంటున్నారని నాకు గర్వంగా కూడా ఉంది.

మరుసటి ఏడాది పుస్తకం వచ్చింది. మొదటి పేజీలో, ఖిదిర్‌పూర్ స్నేహితురాలికి అని అచ్చువేయించి, కింద సంతకం చేసి ఇచ్చింది. అప్పటి నా ఇంగ్లీషుకి ఒక పేజీ చదవడానికి గంట పట్టేది. నేను చదవకుండానే తీసుకెళ్ళి అతనికిచ్చాను. ఇందులో మనం ఉన్నామని చెప్పాను. అతను ఇంగ్లీషు మీడియంలో చదువుతున్న చెల్లెలితో చదివించుకున్నాడు.

నాలుగు రోజులు ఫోనెత్తలేదు. ఐదో రోజు బస్టాపులో కనిపించాడు.

"ఆ రోజు నాను నీ సెయ్యి ఎందుకు పట్టుకున్నాను?" అని అడిగాడు.

"ఆటో కింద పడిపోతానని."

"మరి పుస్తకంలో ఆటో లేదేటి?"

ఏడో అధ్యాయంలో, మోచేతి కింద మచ్చ ఉన్న కుర్రాడు అనుమానంతో ఆ పిల్ల చెయ్యి మెలిపెడతాడట. గాజు పగులుతుందట. చివర్లో ఆమెను నదిలోకి తోసేస్తాడట. ఇదంతా అతను నేల చూస్తూ చెప్పాడు. నేను అలా చెప్పలేదన్నాను. ఒట్టు పెట్టుకున్నాను.

"నువ్వు సెప్పకపోతే ఈ మచ్చ ఆ పిల్లకెలా తెలుస్తాది?" అన్నాడు. "మా సెల్లి కూడా నన్ను అదోలా సూస్తంది."

ఆ మధ్యాహ్నమే భవానీపూర్ వెళ్ళి, అతనన్నది చెప్పి, ఆటో ఎందుకు తీసేశావని అడిగాను. ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. అది నవల, ఎవరి గురించీ కాదంది.

"ఆటో పెడితే వాడు మంచోడైపోతాడు కదా," అంది. "ఇంక థ్రిల్లర్ ఏముంటది?"

తర్వాత, అతను ఇంకా ఏమన్నాడని అడిగింది. ఆ గొంతులో జాలి లేదు, తెలుసుకోవాలన్న ఆత్రం ఉంది. వంటింటి గుమ్మంలో నిలబడి అమ్మ నన్ను నోరు మూసుకోమని సైగ చేసింది. మూసుకున్నాను.

క్వార్టర్స్‌లో కథ పాకిపోయింది. చదివినవాళ్ళు ఇద్దరో ముగ్గురో, తెలిసినవాళ్ళు అందరూ. కుర్రాళ్ళు అతన్ని ఆ నవలలోని పేరుతో పిలవడం మొదలుపెట్టారు. అతని తల్లి కుళాయి దగ్గర మా అమ్మను నిలదీసి, మీ పిల్ల మావోడి బతుకు బజారున పెట్టిందని తిట్టింది. శిక్షణ అయిపోగానే అతను ముంబైలో పని వెతుక్కుని వెళ్ళిపోయాడు. నంబరు మార్చేశాడు. అతని పెళ్ళయిందని నాకు చెప్పింది కూడా అతని చెల్లెలే.

అమ్మ ఆ ఇంట్లో ఇంకో రెండేళ్ళు వంట చేసింది. మానెయ్యమని నేను పోట్లాడితే, కోపం నీది, పొయ్యి నాది అంది.

ఆ పుస్తకాన్ని డిగ్రీలో ఉండగా మొదటి నుంచి చివరి దాకా నేనే చదివాను. చెత్తగా ఉంటే బాగుండునని కోరుకుంటూ చదివాను. బాగా రాసింది. నది ఒడ్డున ఆ కుర్రాడు వెనక నుంచి నడిచొస్తుంటే నాకు గుండె దడదడలాడింది. ఆ పిల్లను పారిపొమ్మని మనసులో అరిచాను. ఎవరిని చూసి పారిపొమ్మంటున్నానో తెలిసి పుస్తకం మూసేశాను. ఆమె మీద కోపం ఏనాటికైనా చల్లారుతుందేమో. అతన్ని చూసి భయపడిన ఆ రెండు నిమిషాలకు నన్ను నేను క్షమించుకోలేను.