కంట్లో జీడి మచ్చలు

నా కంట్లో వెయ్యిసార్లు లేజరు కాల్చారని, నేను ఒక్కసారీ రెప్ప కొట్టలేదని పలాస స్టేషను దగ్గర టీ కొట్లో అందరికీ చెప్పాను. ఎన్నిసార్లు కాల్చారో నాకు తెలీదు. రెప్ప పడకుండా కంటికి ఒక అద్దం తొడిగారు. ఆ గొప్ప అద్దానిది.

షుగరు కంటి వెనక పొరకెక్కిందని టెక్కలి డాక్టరు చెప్పాడు. మధ్య చూపు నిలబెట్టడానికి అంచుల్లో కాలుస్తాం అన్నాడు. కాలిన చోటికి ఒంట్లోని కాపలా కణాలు వస్తాయట. చచ్చినదాన్ని తినేసి శుభ్రం చేస్తాయట. ఆ హడావిడిలో పొర వాచి, మచ్చ కట్టేదాకా కొన్ని వారాలు చూపు మసకబారవచ్చట. ఈ చివరి మాట నేను ఇంటికి తీసుకురాలేదు. వారం తిరక్కుండా ఇక్కడ కూర్చునే అల్లంత దూరాన కవిటి తోటల్లో కొబ్బరికాయలు లెక్కపెడతానని మా ఆవిడతో అన్నాను.

జీడిపప్పు ఫ్యాక్టరీలో చివరి చూపు నాది. ఆడవాళ్లు ఏరిన తెల్ల పప్పులో మాడినవి మిగిలాయేమో చూసి డబ్బాలకు పంపాలి. డబ్బాలో మాడిన పప్పు దొరికిందా, ముప్పై ఏళ్లుగా కూర్చున్న బల్ల పోతుంది. లేజరు అయిన మూడోరోజే వెళ్లి కూర్చున్నాను. పప్పంతా పొగమంచులో ఉన్నట్టుంది. రెండో కన్ను ముందునుంచీ అంతంతమాత్రమే. అయినా చేతులు చకచకా ఆడించాను. పది రోజులైనా ఎవరూ ఏమీ అనలేదు. కన్నెందుకు, నా వేళ్లకే తెలిసిపోతుందని ఒకరిద్దరితో అన్నాను కూడా.

మా ఆవిడ పక్క బల్ల దగ్గర పొట్టు తీస్తుంది. ఒక మధ్యాహ్నం అన్నాల వేళ, బల్ల కిందినుంచి చాట లాగి నా ముందు పెట్టింది. గుప్పెడు మాడిన పప్పు.

“ఇయన్నీ నీ ఏళ్లు ఒగ్గేసినవి మావా. రోజూ నీ ఎనకాల నేనే ఏరతన్నాను.”

డాక్టరు చివరి మాట అప్పుడు చెప్పాను. కన్ను పాడైపోయిందేమోనన్న భయమూ చెప్పాను. జీడి గింజలు కొట్టే రోజుల్లో రసం చిమ్మి కాలి పడిన నల్ల మచ్చలున్న తన ముంజేయి నా ముందు చాపింది.

“జీడి సుక్క పడితే మొదట ఉబ్బదేటి? గిల్లితే పుండైపోద్ది. ఒగ్గేత్తే అదే మచ్చ కడతాది. నీ కన్నూ అంతే. ముందు యజమానికి నిజం సెప్పు.”

చెప్పాను. చూపు తేటపడేదాకా బల్ల జోలికి రావద్దని నన్ను గోనెసంచులు కుట్టే పనిలో వేశాడు. తేటపడకపోతే ఏమిటని నేను అడగలేదు, ఆయనా అనలేదు.

నెలన్నరకు మంచు విడిపోయింది. అంచుల్లో కొంత పోయింది. తలుపు దాటేటప్పుడు భుజం తగులుతుంది. అది తిరిగి రాదు. మధ్యలో మాత్రం పప్పు మీది గీత కూడా కనిపిస్తోంది.

యజమాని ఎదుటే పరీక్ష పెట్టారు. మాడినవి మూడు పట్టానని టీ కొట్లో చెప్పాను. నిజానికి ఉన్నదే ఒక్కటి. దాన్ని మా ఆవిడే తెల్ల పప్పులో కలిపింది. ఎక్కడ కలిపిందో మాత్రం నాకు చెప్పలేదు.

మర్నాడు నా బల్ల దగ్గర నేను కూర్చున్నాను.