అమ్ముదామని డిగ్లీపూర్ దాకా నడిపిన ఎర్ర కారు

పోర్ట్ బ్లెయిర్ నుంచి అండమాన్ ఉత్తర కొసన ఉన్న డిగ్లీపూర్‌కి సొంత కారులో వెళ్ళాలనుకునేవాళ్ళు నన్ను తరచూ అడిగే మాట ఒకటుంది: నేలకు తక్కువ ఎత్తులో ఉండే కారు ఆ రోడ్డు మీద వెళ్తుందా అని. వెళ్తుంది, మేము వెళ్ళొచ్చాం. అయితే మేము బయల్దేరింది ఆ కారును అక్కడ అమ్మేసి, బస్సులో తిరిగి వద్దామని. మా ఎర్ర స్పోర్ట్స్ సెడాన్‌కి రిజిస్ట్రేషన్ గడువు ముగియబోతోంది. రెన్యువల్ చేయించాలంటే ముందు అడుగుభాగంలో తుప్పు తినేసిన చోటల్లా వెల్డింగు చేయించాలి. డ్రైవరు వైపు అద్దం సగంలో ఆగిపోతే చేత్తో పైకి లాగాలి. ఏ విడిభాగం కావాలన్నా చెన్నై నుంచి ఓడలో రావాలి. కిందటిసారి క్లచ్ ప్లేటు కోసం నెలన్నర ఎదురుచూశాం. మా ఆయన రాజుగారికి అబర్డీన్ బజార్లో ఎలక్ట్రికల్ షాపు ఉంది. ఎత్తుగా ఉండే కొత్త బండి కొందామని ఆయన చాలాకాలంగా అంటున్నారు. డిగ్లీపూర్‌లో సిమెంటు వ్యాపారం చేసే కిశోర్ మా కారు ఫోటోలు చూసి వెంటనే తీసుకుంటానన్నాడు. ఓడలో పంపమంటే నాకు మనసొప్పలేదు. చివరిసారి నేనే నడుపుకుంటూ తెచ్చిస్తానని చెప్పాను.

ఆ కారు మా ఇంటికి ఎలా వచ్చిందో చెప్పాలి. సునామీ వచ్చినప్పుడు మేము సిప్పీఘాట్‌లో పల్లపు నేలలో ఉండేవాళ్ళం. భూకంపం ఆగాక అందరం రోడ్డు మీద నిలబడి మాట్లాడుకుంటుండగానే నీళ్ళు పొలాల్లోకి వచ్చాయి. చంటిపిల్లను భుజాన వేసుకుని గుట్ట మీదికి పరుగెత్తాం. ప్రాణాలకేమీ కాలేదు. కానీ ఆ నేలే కుంగిపోవడంతో ఉప్పునీళ్ళు మళ్ళీ వెనక్కి పోలేదు. డైరీ ఫార్మ్‌లో అద్దె ఇంటికి మారాక కూడా నేను రెండేళ్ళ పాటు బట్టల సంచి తలుపు దగ్గరే ఉంచుకునేదాన్ని. అప్పుడు సునామీ బాధితులకు ఇళ్ళు కట్టడానికి వచ్చిన ఒక ఇంజనీరు పని ముగించుకుని వెళ్ళిపోతూ, ఓడ ఖర్చు దండగని ఈ కారును చవకగా అమ్మేశాడు. నాకప్పటికి సైకిలు కూడా రాదు. అయినా పట్టుబట్టి కొనిపించాను. నీళ్ళు వస్తే ఈసారి పిల్లను ఎత్తుకుని పరుగెత్తనక్కర్లేదన్నదొక్కటే నా లెక్క. దాని మీదే డ్రైవింగ్ నేర్చుకున్నాను. భయంతో కొన్న బండి మీద ఇష్టం ఎప్పుడు మొదలైందో చెప్పలేను గానీ, చిడియాటాపు రోడ్డులో రెండో గేరులో వంపు తిరుగుతున్నప్పుడు నాలో నేనే నవ్వుకోవడం ఒకరోజు గమనించాను. ఇప్పుడు ఆ చంటిపిల్ల కాలేజీలో చదువుతోంది.

డిగ్లీపూర్ మూడు వందల కిలోమీటర్ల పైచిలుకు దూరం. జిర్కాటాంగ్ చెక్‌పోస్టు నుంచి బండ్లను కాన్వాయ్‌గానే వదులుతారు కాబట్టి ఉదయం ఆరింటి మొదటి కాన్వాయ్ అందుకోవాలంటే ఊళ్ళో నాలుగింటికే బయల్దేరాలి. ట్యాంకు ముందురోజే నింపుకున్నాం. మేము చేరేసరికి వరుసలో మా ముందు చాలా బండ్లున్నాయి. పక్కన నిలిచిన సుమో డ్రైవరు, మన తెలుగువాడే, టీ గ్లాసు పట్టుకుని వచ్చి మా కారు కిందికి వంగి చూశాడు.

"దీదీ, దీన్తోనా డిగ్లీపూర్? పేట్ ఘిస్ జాయేగా. కదమ్‌తలా దాటినాక రోడ్డు లేదు, అన్నీ గోతులే."

"పొట్ట రాసుకుపోద్దంటన్నాడు, విన్నావేటి?" అన్నారు రాజుగారు నాతో. ఆయన గొంతులో కాస్త సంతోషం కూడా వినిపించింది.

"మెల్లగా పోతాను భయ్యా. దానికిదే ఆఖరి ప్రయాణం," అన్నాను. ఆ మాట అన్నాక టీ తాగబుద్ధి కాలేదు.

చెక్‌పోస్టు దాటాక అడవిలో ఎక్కడా ఆగకూడదు, ముందు బండిని దాటకూడదు, ఫోటో తీయకూడదు. అది జారవా ఆదివాసుల అడవి. మనం దాటిపోతున్నవాళ్ళమే అని గుర్తుంచుకుంటే చాలు. చెట్ల కింద చీకటిగా, చల్లగా ఉంది. మా ఏసీ ఎలాగూ అంతంతమాత్రమే, ఆ అడవిలో దాని అవసరమూ పడలేదు. మిడిల్ స్ట్రెయిట్ రేవులో కారును వెహికల్ ఫెర్రీ ఎక్కించాలి. టికెట్టు పెద్ద ఖర్చేమీ కాదు, అసలు పరీక్ష ర్యాంపు దగ్గరుంది. పాటు వల్ల నీళ్ళు తగ్గి, ర్యాంపు ఏటవాలుగా వేలాడుతోంది. నేరుగా ఎక్కిస్తే ముందు బంపరు విరిగేదే. ఫెర్రీ కుర్రాళ్ళు రెండు చెక్కలు తెచ్చి టైర్ల కింద పెట్టారు, రాజుగారు దిగి చేత్తో సైగలు చేశారు, నేను ఐమూలగా ఒక్కో చక్రం ఎక్కించాను. గీత కూడా పడలేదు. చుట్టూ నిలబడ్డ బస్సు ప్రయాణికులు చప్పట్లు కొట్టారు. రాజుగారు లోపలికి వచ్చి కూర్చుంటూ, "బాగా ఎక్కించినావు," అన్నారు. డ్రైవింగ్ విషయంలో ఆయన నన్ను మెచ్చుకోవడం అరుదు.

బారాటాంగ్ అవతల ఇదివరకు రెండో ఫెర్రీ ఉండేది, ఇప్పుడు వంతెన వచ్చింది. సుమో డ్రైవరు చెప్పింది నిజమే, కదమ్‌తలా తర్వాత చాలా దూరం రోడ్డు పనులు జరుగుతున్నాయి. మొదటి గేరు, రెండో గేరు, మళ్ళీ మొదటి గేరు. రెండుసార్లు అడుగు నేలకు తగిలింది. తగిలిన ప్రతిసారీ నా పళ్ళు బిగుసుకున్నాయి. రంగత్‌లో అన్నం, చేపల పులుసు తిన్నాం. హోటలు నడిపే బెంగాలీ ఆవిడ ఇద్దరికీ కొసరి కొసరి వడ్డించి కూడా మూడు వందలకు మించి తీసుకోలేదు. పెట్రోలు కూడా అక్కడే పోయించుకోవడం మంచిది. మాయాబందర్ ఊళ్ళోకి వెళ్ళకుండా మలుపు దగ్గర ఎడమకు తిరిగి, జలసంధి మీది వంతెన దాటితే ఉత్తర అండమాన్. రోడ్డు బాగుపడింది. సాయంత్రానికల్లా చేరిపోతాం అనుకుంటుండగా, కాలీఘాట్‌కి ఇవతల ఒక జీపు రోడ్డుకు అడ్డంగా, ఒక పక్కకి ఒరిగి కనిపించింది.

పెళ్ళివారి జీపు అది. యాక్సిల్ విరిగింది. పట్టు ధోవతి కట్టుకున్న బెంగాలీ పెళ్ళికొడుకు రోడ్డు పక్కన రాయి మీద కూర్చుని చెమట తుడుచుకుంటున్నాడు. తెల్లటి బెండు కిరీటాన్ని ఆయన మేనమామ రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు. అప్పుడే వెళ్ళిన బస్సులో కాలు పెట్టే చోటు లేదట.

"దీదీ, డిగ్లీపూర్ తక్ ఛోడ్ దేంగే?" అన్నాడు మేనమామ, దిగబెడతారా అని. "ముహూర్తం చీకటి పడగానే. ఆడపెళ్ళివాళ్ళు ఫోన్ మీద ఫోన్ చేస్తున్నారు."

రాజుగారు వెంటనే దిగి వెనక సీటు మీది సంచులు డిక్కీలోకి మార్చారు. మా కారు కప్పు తక్కువ ఎత్తు. పెళ్ళికొడుకు కిరీటం పెట్టుకుంటే తల పట్టదు, ఒళ్ళో పెట్టుకుంటే ముందు సీటుకు నొక్కుకుంటుంది. చివరికి రాజుగారు దాన్ని తన ఒళ్ళో పెట్టుకుని, పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని కూర్చున్నారు. కారు కదిలింది. తర్వాత పెళ్ళికొడుకు ముందుకు వంగి, సిగ్గుపడుతూ, "ఇది స్పోర్ట్స్ బండి కదా దీదీ, ఎంత స్పీడు పోతుంది?" అని హిందీలో అడిగాడు. రోడ్డు తిన్నగా ఉంది, ఎదురుగా ఎవరూ లేరు. మూడో గేరులోకి దింపి యాక్సిలరేటర్ నొక్కాను. ఇంజను గొంతు మారింది. వయసు మీద పడిన బండి, పగలంతా గోతుల్లో దెబ్బలు తిన్న బండి, ఒక్క ఊపున ముందుకు ఉరికింది. పెళ్ళికొడుకు పగలబడి నవ్వాడు. మేనమామ కళ్ళు మూసుకుని దుర్గమ్మను తలుచుకున్నాడు. రాజుగారు కిరీటం గట్టిగా పట్టుకుని, "ఒసే, మెల్లగా!" అని అరిచారు. అరుస్తూనే నవ్వుతున్నారు.

పెళ్ళింటి ముందు ఆగేసరికి ఆడవాళ్ళు శంఖాలు ఊదుతూ ఎదురొచ్చారు. కారులోంచి పెళ్ళికొడుకు కంటే ముందు కిరీటంతో రాజుగారు దిగడం చూసి ఒక్క క్షణం శంఖాలు ఆగిపోయాయి, తర్వాత పందిరంతా నవ్వులే. మమ్మల్ని భోజనం చేయకుండా కదలనివ్వలేదు. ఆ రాత్రి కాలీపూర్ బీచి దగ్గర గెస్ట్‌హౌస్‌లో పడుకున్నాం. గది వెయ్యిన్నర లోపే, శుభ్రంగా ఉంది.

పొద్దున్నే కిశోర్ షాపుకి వెళ్ళాం. ముప్పై ఏళ్ళుంటాయేమో, శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబం. కారు కోసం సిమెంటు బస్తాలు పక్కకు జరిపి రేకుల షెడ్డు ఖాళీ చేసి ఉంచాడు. వాళ్ళ అమ్మగారు పసుపు, కుంకుమ, నిమ్మకాయలు పళ్ళెంలో సిద్ధం చేశారు. అతను తాళం తీసుకుని ఒక చుట్టు తిప్పి చూస్తానన్నాడు. నేనూ రాజుగారూ రోడ్డు పక్కన నిలబడ్డాం. ఇన్నేళ్ళలో నా కారు నడుస్తుంటే బయట నిలబడి చూడడం అదే మొదటిసారి. ఎండలో ఎర్రగా, నేలకు దగ్గరగా, ఎంత అందంగా ఉందో.

"ఏడుస్తావనుకున్నాను," అన్నారు రాజుగారు.

"ఏడుపు రావట్లేదు, కోపం వస్తోంది. ఆ వంపులో రెండో గేరు వేయాలి. వినండి, మూడులోనే లాగుతున్నాడు. ఇంజను ఎలా మూలుగుతోందో!"

ఆయన నా కాళ్ళకేసి చూశారు. కిశోర్ గేరు మార్చే చప్పుడు వినిపించినప్పుడల్లా నా ఎడమకాలు మట్టిని నొక్కుతోంది. క్లచ్ తొక్కుతున్నట్టు. నాకు తెలియకుండానే చెప్పు కింద చిన్న గుంట పడింది.

"శ్యామలా," అన్నారాయన నెమ్మదిగా, "ఇంటికెళ్ళి రోజూ ఇలాగే నేల తొక్కుతావేటి?"

"మీరు కొత్త బండి అన్నారు కదా."

"అన్నాను. నిన్న నువ్వు నడుపుతుంటే పక్కన కూర్చున్నాను కూడా. ఆ అబ్బాయికి నువ్వే చెప్పాలి. నా మీద తోసీకు."

కిశోర్ మెరిసే కళ్ళతో దిగాడు. "దీదీ, మఖ్ఖన్! వెన్నలా జారుతోంది బండి!" అన్నాడు. అలాంటివాడికి లేదని చెప్పడం కష్టం. ఒక్క ముక్కలో చెప్పేశాను: "కిశోర్, నేను ఇవ్వలేను. తప్పు నాదే."

అతని ముఖం చిన్నబోయింది. "బాత్ హో గయా థా కదా దీదీ. మాటైపోయింది కదా. ఎవరైనా ఎక్కువిస్తామన్నారా?"

"ఎవరూ అడగలేదు. నువ్వు నడుపుతుంటే చూసి నిలబడలేకపోయాను, అంతే."

అతను బానెట్ మీద చెయ్యి పెట్టుకుని నిలబడ్డాడు. షెడ్డుకేసి ఒకసారి చూశాడు. వాళ్ళ అమ్మగారే కల్పించుకున్నారు. "ఇష్టం సావనప్పుడు అమ్మకూడదు బాబూ. నువ్వు కొన్నా ఆవిడ మనసు ఇక్కడే తిరుగుద్ది. లోపలికి రండమ్మా, ఉప్మా సల్లారిపోతంది."

ఉప్మా తింటున్నంతసేపూ కిశోర్ ముభావంగానే ఉన్నాడు. చెయ్యి కడుక్కుని వచ్చాక, "ఏరియల్ బే దాకా ఒక్కసారి నడపనిస్తారా?" అని అడిగాడు. తాళం ఇచ్చి నేను పక్క సీట్లో కూర్చున్నాను. వాళ్ళ అమ్మగారు, రాజుగారు వెనక. వంపు వచ్చే ముందు "ఇప్పుడు రెండు," అన్నాను. అతను వేశాడు. కారు వంపును హత్తుకుని తిరిగింది. "అచ్ఛా... ఐసా! ఇలాగన్నమాట!" అన్నాడు, అప్పటికి మొదటిసారి నవ్వుతూ. జెట్టీ దగ్గర చేపలు కొన్నాం, టీ తాగాం. నేను నడపలేని రోజు వస్తే ముందు అతన్నే అడుగుతానని మాటిచ్చాను. "ఈసారి రాజు భయ్యా సాక్షి," అన్నాడు.

తిరుగు ప్రయాణంలో ఇద్దరం నింపాదిగా లెక్కలు వేసుకున్నాం. అడుగుభాగం వెల్డింగు చేయిస్తాం, రెన్యువల్ చేయిస్తాం. రోజూ నేను పాఠాలు చెప్పే బడికి స్కూటీ మీద వెళ్తాను, కారు ఆదివారాలకు, దూరాలకు. రాజుగారి ఎత్తు బండి కొన్నాళ్ళు ఆగుతుంది; ఆయన పెద్దగా బాధపడినట్టు లేదు. పాత కారును ఉంచుకోవడం డబ్బు పరంగా తెలివైన పని అని నేను వాదించను. ఒకప్పుడు సముద్రం నుంచి పారిపోవడానికి కొన్నాను. ఆ మధ్యాహ్నం కిటికీ సగం దించి, ఉప్పుగాలి ముఖాన కొడుతుంటే ఒడ్డు పక్కనే నడుపుతున్నాను, ఎటు పరుగెత్తాలో వెతుక్కోకుండా. ఇన్నేళ్ళుగా అలాగే నడుపుతున్నానని నాకు అప్పుడే తెలిసింది. చివరగా ఒక సలహా: మీరు మీ పాత బండిని నిజంగానే అమ్మాలనుకుంటే, కొనేవాళ్ళనే మీ ఊరికి రమ్మనండి. మీరు మాత్రం నడుపుకుంటూ తీసుకెళ్ళకండి.