దొరసాని చీజు గది, ఖాజాగూడ కిష్టమ్మ

పందొమ్మిది వందల డెబ్బై మూడు నాటికి ఖాజాగూడ కిష్టమ్మకు నలభై ఆరేళ్లు. అందులో ఇరవై రెండేళ్లు పాలబిందె కిందే గడిచిపోయాయి. కోడికూతకే లేచి పాలు పిండి, బిందె నెత్తికెత్తుకొని, రాయదుర్గం, షేక్‌పేట దాటి బంజారాహిల్స్ బంగళాలకు ఆరు మైళ్లు నడవాలి. ఇల్లిల్లూ తిరిగి పోసొచ్చేసరికి ఎండ నడినెత్తికొచ్చేది. రెండేళ్లుగా మోకాళ్లు మాట వినడం మానేశాయి. షేక్‌పేట మిట్ట దగ్గర బిందె దించి కూర్చుందంటే, దాన్ని మళ్లీ ఎత్తిపెట్టే మనిషి వచ్చేదాకా అక్కడే.

ఆమె పాలు పోసే బంగళాల్లో మార్తా దొరసానిది ఒకటి. స్విట్జర్లాండు మనిషి. భర్త యంత్రాల ఫ్యాక్టరీలో ఇంజనీరు. పొద్దుపోక పెరటి గదిలో తమ దేశపు చీజు చేస్తుంటే, తిన్న హోటలువాళ్లు ఇంకా కావాలన్నారట. చీజు మాగడానికి చల్లటి చోటు కావాలి. వెతగ్గా వెతగ్గా ఖాజాగూడ గుట్ట కింద పాడుబడ్డ రాతి గది దొరికింది. కిష్టమ్మ ఇంటికి యాభై అడుగులు కూడా ఉండదు. ఇన్నేళ్లలో పాలల్లో ఒక్క చుక్క నీళ్లు కలపని మనిషని, గది చూసుకొనే పని దొరసాని ఆమెకే ఇస్తానంది. మీ పాలే మీరు తోడుపెట్టండి, చీజు గడ్డలను ఉప్పునీళ్లతో తోమండి, రోజూ తిప్పిపెట్టండి అని బంగళా వంటమనిషి చేత ఏవేవో చెప్పించింది. కిష్టమ్మ చెవినపడ్డది ఒకటే. నడక లేదు.

ఇంటికొచ్చి మొగుడు సాయిలుతో చెబితే, అతను సాయంత్రానికల్లా ఊరంతా చెప్పేశాడు.

దొరసానికి ఒక అలవాటుండేది. ఏడాదికోసారి ఆఫీసువాళ్ల ఆడవాళ్లను వ్యానులో ఎక్కించుకొని, పట్నంలో తమ దేశపు తిండి దొరికే చోట్లన్నీ తిప్పి రుచి చూపించేది. ఆ ఏడు కిష్టమ్మనూ రమ్మంది. దొరసాని ఇంగ్లీషును తెలుగు చేసే పని రత్నమాలది. కాకినాడ నుంచి వచ్చిన మేనేజరు గారి భార్య ఆమె.

మొదట అబిడ్స్‌లో ఒక బేకరీ. నున్నటి పాలరాతి బల్లమీద కరిగిన చాక్లెట్టు పోసి, ఒకాయన తాపీతో అటూ ఇటూ లాగుతున్నాడు. తమ దేశంలో వందేళ్ల కిందటి దాకా చాక్లెట్టు చేదుగా ఉండేదనీ, అందులో పాలు కలపాలని ఒకాయన ఏళ్ల తరబడి తంటాలు పడ్డాడనీ దొరసాని చెప్పింది.

"పాలల్లో నీళ్లుంటాయి కదండీ, అవి చాక్లెట్టును విరగ్గొట్టేసేవిట. నీళ్లు ఇగరగొట్టాకే కుదిరిందిట," అంది రత్నమాల.

"ఇగో! నీళ్ల పాలు ఆ దేశంల గూడ నడవయన్నట్టు," అంది కిష్టమ్మ. "మా రాయదుర్గం పాలోళ్లను తోలియ్యాలె ఆడికి."

వ్యానంతా నవ్వింది. చాక్లెట్టు ముక్క నోట్లో వేసుకొంటే బెల్లం మాడినట్టుంది గానీ, బాగుందనే చెప్పింది.

తర్వాత సికింద్రాబాద్‌లో ఒక హోటలు. బల్ల నడుమ మట్టి గిన్నె, దాని కింద సన్నని మంట, గిన్నె నిండా కరిగిన చీజు. పొడుగాటి పుల్లకు రొట్టెముక్క గుచ్చి అందులో ముంచుకొని తినాలి. అందరిదీ ఒకటే గిన్నె. మంచు కురిసే నెలల్లో ఊళ్లకు దార్లు మూసుకుపోతే, ఇంట్లో మిగిలిన ఎండు రొట్టె, పాత చీజు ఇలాగే తినేవాళ్లట. ఎవరి ముక్క గిన్నెలో జారిపడితే వాళ్లు లేచి పాట పాడాలట.

రత్నమాల కుర్చీ వెనక్కి జరుపుకొంది. "ఎంగిలండీ బాబూ! నోట్లో పెట్టిన పుల్ల మళ్లీ అందులోనేనా? నావల్ల కాదు."

"అట్లయితే నేనే ముందుగాల ముంచుత," అంది కిష్టమ్మ. "ఎంగిలి మీకైతది గని, నాకైతె కాదు."

ముంచింది, తింది, బాగుందని ఇంకో రెండు ముక్కలు తింది. పొద్దున్నుంచీ పాలు పోసి, అటునుంచటే వచ్చిన మనిషి. బెంచీమీద కాళ్లు చాపుకొంటే ప్రాణం లేచొచ్చింది. రేపణ్ణుంచి బతుకంతా ఇట్లా కూర్చొనే గడుస్తుందా అనుకుంది.

చివరికి దొరసాని బంగళాకు వచ్చారు. ఆ పొద్దు కిష్టమ్మ పోసిన పాలే రాగి బానలో గోరువెచ్చగా ఉన్నాయి. దొరసాని చిన్న సీసాలోంచి నాలుగు చుక్కలు వేసి కలిపి మూతపెట్టింది. అరగంట తర్వాత మూత తీస్తే, పాలు జున్నులా గడ్డకట్టి ఉన్నాయి. కత్తి పెడితే చక్కగా తెగింది. పులుపు వాసన లేదు.

కిష్టమ్మ బాన మీదికి వంగింది. "మజ్జిగెయ్యలే, నిమ్మకాయ పిండలే. ఏందమ్మా ఆ సీసల?"

రత్నమాల అడిగింది. దొరసాని జవాబు చెప్పింది. రత్నమాల మొహం మారిపోయింది.

"ఏదో మందులే, కిష్టమ్మా."

"మందంటే? చెట్టుదా, ఆకుదా?"

"నీకెందుకమ్మా అవన్నీ?"

"రేపు నా చేతులతోని ఏసేదుంటే, నాకు గాక ఇంకెవ్వరికి?"

మాటలు తెలియకపోయినా దొరసానికి విషయం అర్థమైంది. కిటికీలోంచి పక్కింట్లో కట్టేసిన లేగదూడను చూపించి, తన కడుపు మీద చెయ్యి పెట్టుకొంది. ఇక రత్నమాలకు చెప్పక తప్పలేదు. పాలు తాగే దూడ కడుపులోంచి తీస్తారట.

"సచ్చినదాంట్లకెళ్లా, సంపిందాంట్లకెళ్లా?"

దొరసాని అబద్ధం ఆడలేదు. చంపిందే. తమ దేశంలో పుట్టిన దూడలన్నిటినీ పెంచరు అంది.

"ఇందాక హోటల్ల నేను తిన్నదాంట్ల గూడ?"

అందులోనూ ఉంటుంది అంది.

కిష్టమ్మ గడప మీద కూలబడింది. రత్నమాల పక్కకొచ్చి మెల్లగా అంది. "తిననే తిన్నావుగా. మోకాళ్లు చూసుకో. ఇంకా ఎన్నాళ్లు మోస్తావు?"

"తెల్వక తిన్ననమ్మా. తెలిసి ఎట్ల ఎయ్యాలె?"

దొరసాని మంచిదే. ఆ చుక్క తానే వచ్చి వేస్తాననీ, తోమి తిప్పే పని మాత్రం చూసుకొమ్మనీ చెప్పించింది. కిష్టమ్మకు తన బర్రె గుర్తొచ్చింది. నిరుడు దాని దూడ చచ్చిపోతే, తోలులో గడ్డి కూరి బర్రె ముందు నిలబెట్టి నాలుగు నెలలు పాలు పిండుకొంది. పాపం అది ఆ గడ్డి దూడనే నాకుతూ పాలు చేపేది. ఆ నాలుగు నెలలూ కిష్టమ్మ దాని కళ్లలోకి చూడలేదు. తన చేతులు అంత శుద్ధమైనవని ఆమె ఏమీ అనుకోలేదు. కానీ ఆ దూడ దానంతట అది పోయింది.

"వద్దమ్మా," అంది చివరికి. "సుక్క మీరే ఎయ్యిన్రి, గని గడ్డను దినాం తోమేది నేనే గద. తోమినప్పుడల్ల యాదికొస్తది. పాలైతె ఎప్పట్లెక్కనే తెస్త."

గడప పట్టుకొని లేవబోతే మోకాలు పట్టేసింది. దొరసానే చెయ్యి అందించింది.

వ్యాను షేక్‌పేట దాకానే వచ్చింది. అక్కణ్ణుంచి నడిచి ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. పాలు పిండే వేళ దాటి పసులు అరుస్తున్నాయి. సాయిలు ఎదురొచ్చాడు.

"ఎప్పటిసంది పనిలకు?"

"లేదు. ఒప్పుకోలే."

ఎందుకో చెప్పింది. సాయిలు నమ్మలేనట్టు చూశాడు. "గంతకేనా?"

"గంతకే."

అతను ఆమె పాదాలు చూసి, కాళ్లు కడుక్కోవడానికి చెంబుతో నీళ్లు తెచ్చిచ్చాడు. కిష్టమ్మ గోడ ఆసరాతో వంగి, పాలతపేలా అందుకొని ఆవు పక్కన కూర్చుంది.