గడియ పడని గది

అమ్మకి కాకినాడలో ఎడమ రొమ్ము తీసేసిన ఏడాది తరువాత తమ్ముడు దోహా నుంచి సెలవుకి వచ్చాడు. ఆపరేషన్ అయ్యాక ఆవిడ సరదాకని ఇల్లు దాటింది లేదు. పెళ్లి పిలుపులొస్తే నన్ను పంపేది. ఇంట్లో చీర మార్చుకోవాలన్నా తలుపులు బిడాయించుకునేది. ఆ మచ్చని ఆసుపత్రి వాళ్లు కాక నేనొక్కదాన్నే చూశాను.

"సముద్రం చూసి ఎన్నాళ్లయిందమ్మా, పిల్లలు కూడా సరదా పడతారు," అని తమ్ముడు పట్టుబట్టి ఓడలరేవు దగ్గర ఒక రిసార్టులో రెండు గదులు తీసుకున్నాడు. పి.గన్నవరం నుంచి అందరం కారులో వెళ్లాం. దారి పొడుగునా అమ్మ మనవలతో కబుర్లాడుతూనే ఉంది. ఆవిడ గొంతు అంత తేలిగ్గా విని చాలా కాలమైంది.

ఒక గది తమ్ముడూ మరదలూ పిల్లలకి, ఒకటి అమ్మకీ నాకూ. మా గది తలుపు ఉప్పుగాలికి ఉబ్బిపోయి లోపలి గడియ పడటం లేదు. నొక్కి చూశాను, ఎత్తి చూశాను. చివరికి వెళ్లి మేనేజరుకి చెప్పాను.

"ఆయ్, మనిషిని పంపిస్తానండి."

"లోపల పెద్దావిడ ఉంటారండి. పంపేముందు నాకు ఫోను చెయ్యండి."

"అలాగేనండి. తలుపు కొట్టకుండా మావాళ్లెవరూ రారండి."

మధ్యాహ్నం దాకా ఎవరూ రాలేదు. కెరటాల్లో నిలబడి వచ్చేసరికి అమ్మ చీర మోకాళ్ల దాకా తడిసిపోయింది. నేను కాళ్లు కడుక్కోవడానికి బాత్రూములోకి వెళ్లాను. అమ్మ తలుపుకి కుర్చీ అడ్డం పెట్టుకుని బట్టలు మార్చుకుంటోంది.

కుర్చీ ఈడ్చుకుపోయిన చప్పుడు వినిపించింది. బయటికొచ్చి చూస్తే గుమ్మంలో ఇద్దరు మగవాళ్లు. తమ దగ్గరున్న తాళంచెవితో తీసుకుని వచ్చేశారు. వడ్రంగి అప్పటికే తల తిప్పేసుకున్నాడు. రెండో అతను, గదులు చూసుకునేవాడు, కదలకుండా అలాగే నిలబడిపోయాడు. అమ్మ రెండు చేతులూ ఛాతీకి అడ్డం పెట్టుకుంది. చేతికందిన దుప్పటి ఆవిడ మీద కప్పి, తలుపు వాళ్ల మొహాన వేశాను.

"కొట్టేమండి, ఎవరూ పలకలేదండి," అని బయట గొణిగారు.

అమ్మ మంచం అంచున కూర్చుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు.

"వాడు తప్పుగా చూసేడనుకుంటున్నావేమో. కాదే. నన్ను చూసి జడుసుకున్నాడు," అంది.

తలుపు చప్పుడుకి తమ్ముడు పక్క గదిలోంచి వచ్చాడు. "ఏమైందక్కా?"

నేను నోరు తెరిచేలోపే అమ్మ అందుకుంది. "ఏం లేదురా. ఇక్కడి గాలి నాకు పడటం లేదు. ఇంటికి పోదాం."

గట్టిగా అడుగుదామనే మేనేజరు దగ్గరికి వెళ్లాను. "గడియ బాగు చేయించమన్నది మీరే కదండీ," అన్నాడతను, ఎంతో మర్యాదగా. పక్కన ఎవరో కుటుంబం గది కోసం నిలబడి ఉంది. జరిగింది చెప్పాలంటే వాళ్లందరి ముందూ అమ్మ ఒంటి గురించి చెప్పాలి. తాళంచెవి బల్ల మీద పెట్టి వచ్చేశాను. పిల్లలు ఏడుస్తూనే కారెక్కారు.

ఆ తరువాత కాకినాడ చెకప్పుకి అమ్మ రానంది. అక్కడ పెద్ద డాక్టరు చుట్టూ చదువుకునే కుర్రాళ్లు నిలబడి చూస్తారు.

"ఇంకెవరికీ చూపించనే. నన్ను బలవంతపెట్టకు."

బతిమాలాను. కోప్పడ్డాను. దోహా తిరిగి వెళ్లిన తమ్ముడి చేత ఫోనులో చెప్పించాను. కొన్నాళ్లకి ఊపిరాడక ఆసుపత్రికి తీసుకెళ్లేసరికి జబ్బు ఊపిరితిత్తుల్లోకి పాకిపోయింది. ఇక ఇంటి దగ్గరే చూసుకోమన్నారు.

ఆ మాట చెప్పడానికి తమ్ముడికి ఫోను చేశాను. "అసలు చెకప్పులు ఎందుకు మానేసిందక్కా?" అని అడిగాడు. అప్పుడు చెప్పాను, ఓడలరేవులో ఏం జరిగిందో. అటునుంచి వాడి పని దగ్గర యంత్రాల మోత వినిపిస్తోంది.

"నాకు తెలిసిందని అమ్మకి చెప్పకు," అన్నాడు.

చెప్పలేదు. టికెట్టు దొరకగానే వాడు వచ్చాడు. గదిలో అడుగు పెట్టగానే అమ్మ పమిట సర్దుకుని, "ఎండకి నల్లబడిపోయేవురా," అంది.