ఎక్కి దిగే వరుస

ఇన్నేళ్లుగా నా గొంతులో ఇరుక్కుని ఉన్నది ఒక అంకెల వరుస. నవ్వొస్తోందా? నవ్వండి. మూడు, ఇరవై, ఆరు, పదిహేడు, పన్నెండు, పద్నాలుగు, ఇరవైనాలుగు. ఆ తర్వాత ఎంత? రీజనింగ్ పరీక్షలకు చదివినవాళ్లెవరైనా చిటికెలో చెప్పేస్తారు. నేనూ చెప్పగలను. చెప్పవలసిన రోజున, చెప్పవలసిన మనిషికి చెప్పలేదు. అంతకంటే చెడ్డ పని చేశాను. మా ఇంట్లో వాళ్లకు కూడా తెలియదు. మీకే మొదటిసారి చెబుతున్నాను.

నేనూ సువార్తా గద్వాలలో ఒకే గదిలో ఉండి ఉద్యోగాలకు చదివాం. ఆమెది మానవపాడు దగ్గర ఊరు. ఇంటిల్లిపాదీ కూలి పనే. కోచింగ్‌కు పోయే స్తోమత ఇద్దరికీ లేదు కనుక పాఠాలు పంచుకున్నాం. ఒకరు నేర్చుకుని ఇంకొకరికి చెప్పాలి. చరిత్ర, భూగోళం ఆమె వంతు. రీజనింగ్ నా వంతు. తన వంతులో ఆమె ఏదీ దాచలేదు. నేను రొట్టెలు చేస్తుంటే పొయ్యి పక్కనే కూర్చుని, నాకు నోటికి వచ్చేదాకా చెప్పేది.

ఆ ఏడు మా ఇద్దరికీ సరిపడే పోస్టు ఒక్కటే పడింది. అది రాకపోతే తను అమ్మానాన్నలతో పాటు మేస్త్రి వెంట పుణెకు, స్లాబుల పనికి పోవాలి. ఆ సంగతి ఏడుస్తూ చెప్పింది. నేను వీపు నిమిరాను. నిమురుతూనే, ఇది నాకంటే బాగా చదువుతోంది కదా అనుకున్నాను. ఏమిటది? భయమా? భయమంటే కాస్త మర్యాదగా ఉంటుంది. కాదు. ఓర్వలేనితనం.

పరీక్ష ముందురోజు సాయంత్రం వాకిట్లో కూర్చుని అడిగింది.

"అక్కా, గీ ఎక్కి దిగే సిరీస్ నాకు అస్సలే వశమైతలేదు. ఏమన్న ఉపాయముందా?"

ఉంది. అది ఒక వరుస కాదు, రెండు. ఒకటి విడిచి ఒకటి చూస్తే మూడు, ఆరు, పన్నెండు, ఇరవైనాలుగు. రెట్టింపవుతూ పోతాయి. నడుమ ఉన్నవి మూడేసి తగ్గుతూ వస్తాయి. అక్షరాల వరుసల్లోనూ ఇదే కిటుకు. అంతా నోటిదాకా వచ్చింది.

"గుణించి తీసెయ్యాలె," అన్నాను. "మొదటిదాన్ని దేనితోనన్న గుణించు, అండ్ల కొంత తీసెయ్, రెండోది వస్తది. గదే లెక్క అన్నిటికీ కుదరాలె. దొరికేదాక ఇడ్వకు. గివే ముందుగాల చెయ్."

"ఇడుస్తనా! నువ్వు చెప్పినవంటే చాలు నాకు."

అలా చేయవలసిన వరుసలూ ఉంటాయి, కాబట్టి నేను చెప్పింది అబద్ధం కాదని ఆ రాత్రి నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ సువార్త సంగతి నాకు తెలియదా? పట్టిన లెక్క తేలేదాకా అన్నం కూడా ముట్టని మనిషి. ఆ మొండితనాన్ని చూసి, లెక్కేసి, దాని మీదే దెబ్బ కొట్టాను.

పరీక్షలో అలాంటివే వచ్చాయి. బయటికి వచ్చేసరికి ఆమె ముఖంలో నెత్తురు లేదు. తనకు కొట్టినపిండి అయిన చరిత్ర ప్రశ్నల దాకా చేరేలోపే గంట కొట్టేశారట. "నాకే తెలివి లేదక్కా," అంది. నేను సోడా తాగించాను. చూడండి, సోడా తాగించాను!

ఉద్యోగం నాకొచ్చింది. వనపర్తిలో ఆఫీసు, ఫ్యాను కింద కుర్చీ. సువార్త పుణె పోయింది. అక్కడ సెంట్రింగ్ పలక జారి కుడిచేయి నలిగింది. ఇప్పుడు కలం పట్టుకోలేదు. అయినా పండక్కి ఫోన్ చేసి, "మంచిగున్నవా అక్కా?" అని తనే అడిగేది.

ఈమధ్య ఆమె చెల్లెలు కరుణ వనపర్తి హాస్టల్లో చేరింది. రీజనింగ్ నా దగ్గరే నేర్చుకోమని సువార్తే పంపింది. పోయిన ఆదివారం ఆ పిల్ల ముందు ఈ వరుసే పెట్టాను. ఎందుకు పెట్టాను? పాపం పిలిచినట్టు ఎందుకు అదే గుర్తొచ్చింది? కరుణ గుణించడం మొదలుపెట్టింది. కొట్టేసింది. మళ్లీ గుణించింది. నేనిచ్చిన టీ మీద మీగడ కట్టింది.

"ఇడిసిపెట్టు బిడ్డా," అన్నాను.

"ఇడ్వొద్దన్నది మా అక్క. నువ్వు నేర్పిందే నాకు నేర్పింది."

పుణెలో పని దగ్గరి కూలీల పిల్లలకు కూడా సువార్త ఇదే చెబుతోందట. నేను నోరు మూసుకుంటే ఈ పిల్ల కూడా గంట కొట్టేదాకా గుణిస్తూనే కూర్చుంటుంది. చెబితే సువార్తకు తెలిసిపోతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముంది? అయినా ఆలోచించాను, అదీ నా బతుకు. చివరికి పెన్ను తీసుకుని ఒకటి విడిచి ఒకటికి సున్నా చుట్టాను.

కరుణ ముఖం వెలిగింది. అంతలోనే ఆ వెలుగు పోయింది.

"మరి మా అక్కకెందుకు చెప్పకపోతివి?"

నేను పెన్నుకు మూత పెట్టాను. ఆ పిల్ల బ్యాగు సర్దుకుని, చెప్పులు చేత్తో పట్టుకునే మెట్లు దిగిపోయింది.

అప్పటినుంచి సువార్త ఫోన్ చేయలేదు. ఎవరి ఫోన్ మోగినా ఉలిక్కిపడుతున్నాను. తిట్టినా బాగుండు. క్షమించమని అడగను, ఏ ముఖం పెట్టుకుని అడగాలి? ఇదంతా మీకు చెప్పాక గొంతు కొంచెం వదులైంది, అంతే. ఆమె అడిగేలోపు ఒక్కసారైనా ఈ మాట నా అంతట నేను అనాలి.

తెలిసే చెప్పాను సువార్తా. జవాబు పదకొండు.