అక్క హిందీలో చెప్పిన మాట

నాన్న పోయాక దివిసీమలో ఉన్న నాలుగెకరాల్లో అక్కకి రెండు, నాకు రెండు వచ్చాయి. పక్కపక్క చేలే, మధ్యలో ఒకటే గట్టు. నాది గుడివాడలో మోటార్ వైండింగ్ షాపు. పొలం కౌలుకిచ్చి వరి వేయించేవాణ్ణి. అక్క అవనిగడ్డ దగ్గర హైస్కూల్లో హిందీ టీచరు. ఆమె భాగాన్ని బావ రొయ్యల చెరువు చేశాడు. పాలకాయతిప్ప వైపు పాయలోంచి ఉప్పునీళ్ళు తోడి నింపాడు. రెండో ఏడాదికి గట్టు పక్కన నా వరి ఎర్రబారింది. మూడో ఏడాది సగం చేలో నాటు నిలదొక్కుకోలేదు. నాలుగుసార్లు వెళ్ళి చెప్పాను.

"నువ్వూ చెరువు తవ్వుకోరా. ఎవరొద్దన్నారు?" అని నవ్వాడు బావ.

ఆ నవ్వు నాలుగు రోజులు మింగుడు పడలేదు. ఐదో రోజు పొద్దున్నే పార పట్టుకెళ్ళి చెరువుకి అవతలి గట్టు కోసేశాను. నీళ్ళు ఒక్క ఉదుటున మురుగు కాలవలోకి దూకాయి. నీళ్ళతో పాటే రొయ్యలు. బురదలో పడి చిటపటమని ఎగురుతుంటే కొంగలు దిగాయి. నేను అక్కడే నిలబడి చూశాను. పారిపోవాలని అనిపించలేదు. బావ వస్తాడని తెలుసు, రావాలనే ఉంది.

వెదురు బొంగుతో వచ్చాడు. మొదటి దెబ్బ అడ్డం పెట్టిన నా ఎడమ చేతి మీద పడి రెండు వేళ్ళు విరిగాయి. నేను పార తిరగేసి నుదుటి మీద కొట్టాను. అదే తిరగెయ్యకుండా కొట్టి ఉంటే ఇవాళ ఇది రాయడానికి నేను బయట ఉండేవాణ్ణి కాదు. రక్తం కళ్ళలోకి కారుతున్నా బావ వదల్లేదు. ఇద్దరం బురదలో దొర్లాం. స్కూలుకి బయల్దేరిన అక్క చేతిసంచీతో సహా పరిగెత్తుకొచ్చింది. "ఆపండి, ఆపండి" అని అరుస్తూ గట్టు మీదే నిలబడిపోయింది. ఇద్దరిలో ఎవర్ని పట్టుకు లాగాలో ఆమెకి తెలియలేదు.

ఇద్దరం ఒకరి మీద ఒకరం కేసు పెట్టుకున్నాం. మూడేళ్ళు మాటల్లేవు.

అక్క ముప్పై ఏళ్ళు హిందీ చెప్పింది గాని, హిందీ మాట్లాడే ఊరు ఒక్కటీ చూడలేదు. రిటైర్మెంటు దగ్గర పడ్డాక పాత స్కూల్ అట్లాసు ముందేసుకుని పెన్సిల్‌తో దారి గీసుకుంది. విజయవాడ నుంచి ఢిల్లీ, అక్కణ్ణుంచి కొండల మీద తిరిగే చిన్న రైలు, తర్వాత రాజస్థాన్ ఎడారి, చివరికి కొంకణ్ సముద్రం పక్కగా వెనక్కి. పదహారు రోజులు, ముప్పాతిక భాగం రైల్లోనే.

"మీ బావకి నడుం నొప్పి, రానంటున్నారు. నువ్వు తోడు రారా" అని నాకు ఫోన్ చేసింది.

విజయవాడ ప్లాట్‌ఫారం మీద బావ సూట్‌కేస్ మీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి లేచాడు. ఆయనకి "మనిద్దరమే" అని చెప్పిందట. టిక్కెట్లు కూడా ఎవరివి వాళ్ళకి విడివిడిగా తీసింది, ఒకరి సంగతి ఒకరికి తెలియకుండా.

"ఏంటిది?" అన్నాడు బావ.

"పదహారు రోజులు ఒకే పెట్టెలో కూర్చోండి. మాట్లాడుకుంటారో, మూతులు ముడుచుక్కూర్చుంటారో మీ ఇష్టం. నేను మాత్రం కిటికీలోంచి చూస్తాను" అంది అక్క. రైలొచ్చింది. ఎక్కక ఏం చేస్తాం? కూలీ అప్పటికే సామాన్లు లోపల పెట్టేశాడు.

మర్నాడు పొద్దున నాగపూర్ దాటాం. అక్క కిటికీ వదల్లేదు. టీ అమ్మేవాడితో, ఎదురు బెర్తులో ముసలాయనతో, నేల ఊడ్చే కుర్రాడితో, కనబడ్డ ప్రతివాడితో హిందీలో మాట్లాడింది. ముసలాయన ఏదో అన్నాడు. అక్క పకపకా నవ్వి నా వైపు తిరిగింది.

"నా హిందీ పుస్తకంలా ఉందిటరా! అయినా అంతా అర్థమవుతోందిట!"

అక్క అలా నవ్వడం చూసి ఎన్నేళ్ళయిందో. బయట నల్లరేగడి చేలు అయిపోయి, కొండలు, టేకు అడవి మొదలయ్యాయి. ఆ ఎర్రమన్నూ లోయలూ మా డెల్టాలో పుట్టినవాళ్ళకి కొత్త. మావైపు నేల బల్లపరుపుగా ఉంటుంది, ఎత్తంటే కాలవ గట్టే. నేనూ మెత్తబడ్డాను. బావ ఒక అరటిపండు తీసి మధ్యలో ఉన్న చిన్న బల్ల మీద నా వైపుకి పెట్టాడు కూడా. నేను తీసుకోలేదు. తీసుకుంటే ఏమయ్యేదో.

అప్పుడు ఆయన ఫోన్ మోగింది. చెరువు చూసే మనిషి. బావ స్పీకర్‌లో పెట్టాడు. చెరువు నీళ్ళు పాడయ్యాయి, మార్చాలి, కాలవలో పూడిక ఉంది, నీళ్ళు వదిలితే పక్క చేలోకి ఎగదన్నుతాయి, ఏం చేయమంటారని ఆ మనిషి అడుగుతున్నాడు. బావ నా కళ్ళలోకి చూశాడు.

"వదిలెయ్యి. అడిగేవాడు ఊళ్ళో లేడు" అన్నాడు.

ఫోన్ జేబులో పెట్టుకుని చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు. నేను లేచాను. "ఒరేయ్, కూర్చో" అంది అక్క. వినిపించింది గాని ఆగలేదు.

వాష్ బేసిన్ దగ్గర బావ వంగి ఉన్నాడు. వెనకనుంచి మెడ పట్టుకుని మొహాన్ని కుళాయికేసి కొట్టాను. పెదవి చీలింది. తిరిగి మోకాలితో నా పొత్తికడుపులో పొడిచాడు. నేను వంగగానే వీపు మీద రెండు చేతులూ కలిపి గుద్దాడు. వయసులో నాకన్నా తొమ్మిదేళ్ళు పెద్ద, కాని చెరువుల మీద బరువులు మోసిన ఒళ్ళు. కొండలు చూడ్డానికి ఎవరో తలుపు తెరిచిపెట్టుకుని నిలబడ్డారు, మమ్మల్ని చూసి లోపలికి పారిపోయారు. నేను ఆయన నడుం పట్టుకుని తోసుకుంటూ తలుపు దాకా తీసుకెళ్ళాను. ఆయన కాళ్ళు గుమ్మం మీద, నడుం పైభాగమంతా గాలిలో. ఒక చెయ్యి బయటి కమ్మీని పట్టుకుంది, రెండోది నా చొక్కాని. కింద లోయ, రాళ్ళు, సన్నగా ఏదో ఏరు.

"వదలరా" అన్నాడు. వదిలితే ఏమవుతుందో గుర్తొచ్చి వెంటనే, "వదలకు" అన్నాడు.

అప్పుడే సొరంగం వచ్చింది. చీకటి, చెవులు పగిలే చప్పుడు. ఆ చీకట్లో నేను ఏమనుకున్నానో ఇన్నాళ్ళూ ఎవరికీ రాసి చూపించలేదు. కమ్మీ మీదున్న ఆయన వేళ్ళని తడిమి వెతికాను. ఒక్కొక్క వేలూ ఊడదీయడం మొదలుపెట్టాను. కోపంలో ఒళ్ళు తెలియక చేసింది కాదు. చీకట్లో ఎవరూ చూడరని ఆలోచించే చేశాను. రెండు వేళ్ళు కమ్మీని వదిలాయి.

వెలుతురొచ్చింది. అక్క మా పక్కనే నిలబడి ఉంది, కళ్ళు నా చేతి మీద ఉన్నాయి. బావ చొక్కా కాలరు రెండు చేతులా పట్టుకుని, తను వెనక్కి పడిపోయేలా లోపలికి లాగింది. ముగ్గురం గుట్టగా నేల మీద పడ్డాం. ఆమె మోచెయ్యి గీరుకుపోయి రక్తం వచ్చింది. లేచి, చీర దులుపుకుని తన సీట్లోకి వెళ్ళి కూర్చుంది.

తర్వాతి జంక్షన్‌లో రైల్వే పోలీసులు ఇద్దరు ఎక్కారు. ఎవరో టీసీకి చెప్పారు. బావ మూతికి తువ్వాలు అడ్డం పెట్టుకున్నాడు. నా చొక్కా సగం లేదు. పోలీసు మమ్మల్నేదో అడిగాడు. జవాబు చెప్పేంత హిందీ మాకు రాదు. మేమిద్దరం అక్క వైపు చూశాం. అతను అక్క వైపు తిరిగి, వీళ్ళు మీ వాళ్ళా అని అడిగాడు.

అక్క కిటికీలోంచి చూపు తిప్పలేదు. "మై ఇన్హే నహీ జాన్తీ" అంది.

పదో తరగతి దాకా నేనూ హిందీ చదివాను, ఇంట్లో అక్క దగ్గరే. ఆ ముక్క నాకు అర్థమైంది. వీళ్ళెవరో నాకు తెలియదు అని.

"ఏమందిరా?" అన్నాడు బావ. మూడేళ్ళ తర్వాత నన్ను అడిగిన మొదటి ప్రశ్న అది. నేను చెప్పలేదు. మా సామాన్లతో మమ్మల్ని దింపేశారు. రైలు కదిలింది. కిటికీ దగ్గర అక్క కనిపించింది. ఏడుస్తోందని తెలుస్తోంది, కాని మాకు చెయ్యి ఊపలేదు.

పోలీసులు మర్యాదగానే ఉన్నారు. కట్టు కట్టించారు, కాగితాల మీద సంతకాలు తీసుకున్నారు, ఇంటికి పొమ్మన్నారు. మర్నాడు పొద్దున దక్షిణాదికి వెళ్ళే రైల్లో జనరల్ బోగీ ఎక్కాం. కలిసి ఎక్కలేదు. ఉన్నది ఒకటే బోగీ.

కాలు పెట్టడానికి చోటు లేదు. నేను మరుగుదొడ్డి గోడకి చేరబడి కూర్చున్నాను. బావ లోపలికి తోసుకుంటూ వెళ్ళి, నేల మీద పడుకున్న ఒకతని చెయ్యి తొక్కాడు. అతను లేచి తిట్టాడు. బావ తెలుగులో తిరిగి తిట్టాడు. మాట అర్థం కాకపోయినా తిట్టు అర్థమవుతుంది. అతని తాలూకు నలుగురో ఐదుగురో లేచారు. మొదట చెంప మీద కొట్టారు. బావ తిరిగి కొట్టాడు. ఇంక అందరూ కలిసి మీద పడ్డారు. ఒకడు బెల్టు తీశాడు.

నేను లేవలేదు. నిజమే చెప్తున్నాను. బెల్టు దెబ్బ పడ్డ ప్రతిసారీ నాకు కడుపులో చల్లగా అనిపించింది. ఇంకా కొట్టండి అనుకున్నాను. కాసేపటికి బావ కింద పడ్డాడు. తలకి చేతులు అడ్డం పెట్టుకుని ముడుచుకున్నాడు. వాళ్ళు కాళ్ళతో తన్నడం మొదలుపెట్టారు. "అమ్మా" అని అరిచాడు. ఆ గొంతు మా బావ గొంతులా లేదు. ఒకడు చెప్పు కాలు ఎత్తి తల మీద వెయ్యబోయాడు.

ఎలా వెళ్ళానో తెలియదు. ఆ కాలు పట్టుకుని లాగి పడేశాను. ఎవడి మోకాలో నా నోటికి తగిలింది, ముందు పన్ను ఊడి నాలిక మీద పడింది. బెల్టు చెవి కింద తగిలింది. నేను బావ మీద బోర్లా పడుకున్నాను. దెబ్బలు నా వీపు మీద పడ్డాయి. ఎన్నో నాకు తెలియదు. స్టేషన్ వచ్చింది. కొట్టేవాళ్ళలో సగం మంది అక్కడే దిగాలి, మూటలు వెతుక్కుంటూ మమ్మల్ని వదిలేశారు. అంతే, అలా ఆగింది. ఎవరూ మమ్మల్ని కాపాడలేదు.

ఒక ముసలామె నీళ్ళ సీసా ఇచ్చింది. బావ పుక్కిలించి ఉమ్మాడు. బల్లార్షా స్టేషన్ దాటాక నా వైపు చూడకుండా అడిగాడు.

"సొరంగంలో నా వేళ్ళు ఊడదీశావు కదా?"

"ఆఁ."

"చంపేద్దామనేనా?"

"అప్పుడు అదే అనుకున్నాను బావా."

తల ఊపాడు. "చెరువు కాడ ఆ రోజు నేనూ అదే అనుకున్నాను. బొంగు తలకే వేశాను. నువ్వు చెయ్యి అడ్డం పెట్టావు."

అంతకుమించి మాట్లాడుకోలేదు. క్షమించమని ఆయనా అడగలేదు, నేనూ అడగలేదు. విజయవాడలో దిగి ఎవరి బస్సు వాళ్ళం ఎక్కాం.

అక్క పదహారు రోజులూ పూర్తి చేసుకునే వచ్చింది. మొహం నల్లబడింది, ముక్కు మీద తోలు లేచింది. దివిసీమ వెళ్ళకుండా ముందు గుడివాడలో మా ఇంటికొచ్చింది. నా భార్యని పక్కన కూర్చోబెట్టుకుని ఫోన్లో ఫోటోలు చూపించింది. కొండ వంపులో ముందు పెట్టెలన్నీ కిటికీలోంచే కనిపించే చిన్న రైలు, ఇసక, ఒంటెలు, వానలో కొంకణ్ వంతెనలు. నేను గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"పన్నేదిరా?" అంది.

చెప్పాను. జనరల్ బోగీ సంగతంతా చెప్పాను. విన్నాక, "సొరంగం సంగతి కూడా చెప్పు, నీ పెళ్ళాం వినాలి" అంది. నా భార్య ముందు అదీ చెప్పాను. నా భార్య లేచి వంటింట్లోకి వెళ్ళిపోయింది. వారం రోజులు నా కంచంలో అన్నం వడ్డించి మొహం తిప్పుకునేది.

"పొలం నా పేరున ఉంది. చెరువు పూడ్పించేస్తున్నాను. ఆయనకి చెప్పేశాను, ఒప్పుకోకపోతే నేను వేరే ఇల్లు చూసుకుంటానన్నాను" అంది అక్క వెళ్తూ.

బావ ఒప్పుకున్నాడు. కేసులు ఇద్దరం రాజీ పడ్డాం. చెరువు పూడ్చారు గాని మట్టిలో ఉప్పు అలాగే ఉంది. నా చేలోనూ ఉంది. రెండు వానాకాలాలు నీళ్ళు పెట్టి కడిగాం, వరి ఇంకా మడమెత్తు దాటలేదు. బావ ఇప్పుడు అవనిగడ్డలో ఎరువుల దుకాణం చూసుకుంటున్నాడు. ఎదురుపడితే "బాగున్నావా" అంటాడు. "బాగున్నాను బావా" అంటాను. ఇద్దరం పక్కకి చూస్తాం.

ఈ వేసవికి అక్క అస్సాం వైపు వెళ్తోంది, రిటైరైన ఇద్దరు టీచర్లతో. స్టేషన్ దాకా వచ్చి రైలెక్కిస్తానన్నాను.

"వద్దులే. మేం వెళ్ళగలం" అంది.