ఎల్లాజీ అడగని మాట

అందుకే చెబుతున్నాను, ఫారంలో అర్థంకాని వరస కనబడితే పక్కవాళ్ళు నవ్వుతారని దాటెయ్యకండి. గాజువాక ఎల్లాజీ అలాగే దాటేశాడు.

ఎల్లాజీ చదివింది ఎనిమిది. ఫ్యాక్టరీలో కాంట్రాక్టు కూలీల హాజరు రాసేవాడు కాబట్టి అందరికీ రైటరుగారే. కాంట్రాక్టరు మారినప్పుడల్లా కూలీలు పీఎఫ్, పెన్షన్ డబ్బులు మొత్తం తీసేసుకుని, కొత్త కాంట్రాక్టరు దగ్గర కొత్త నంబరుతో చేరడం అక్కడి అలవాటు. ఆ ఫారాలన్నీ టీకొట్టు బల్ల మీద ఎల్లాజీయే నింపేవాడు. పైసా పుచ్చుకునేవాడు కాదు, ఒక టీ చాలు.

రెండువేల సంవత్సరంలో అలాగే కాంట్రాక్టరు మారాడు. బావా బావా అని తన వెంట తిరిగే కూలీ గవర్రాజుకు ఫారం రాస్తుంటే, పెన్షన్ డబ్బులకు బదులు సర్టిఫికెట్ తీసుకుంటారా అని ఒక వరస కనబడింది. ఎల్లాజీ రెండుసార్లు చదివాడు. తలకెక్కలేదు.

"ఈ సర్టిఫికెట్టొకటి ఉందిరా, కావాలా?"

"నానేటి సేసుకుంటాను బావా, మేకేసి గోడకి తగిలించుకోవాలా? వానాకాలమొచ్చేత్తంది. డబ్బులే రాసీ, ఇంటికి రేకులేయించాల."

బల్ల చుట్టూ అందరూ నవ్వారు. అదేమిటో పీఎఫ్ ఆఫీసులో అడుగుదామని ఎల్లాజీకి అనిపించింది. కానీ తెలీదంటే రైటరు పరువేం కాను? వద్దు అని గీత గీసేశాడు.

ఏడేళ్ళు గడిచాయి. గవర్రాజుకు యాభై ఎనిమిది నిండాయి. పెన్షన్ కోసం ఇద్దరూ కలిసి ఆఫీసుకెళ్ళారు.

"పెన్షన్‌కి పదేళ్ళ సర్వీసు ఉండాలండీ. మీకున్నవి ఏడే," అన్నాడు గుమాస్తా. "ముందటి అయిదేళ్ళకీ అప్పుడే డబ్బులు తీసేసుకున్నారు కదా. సర్టిఫికెట్ తీసుకునుంటే రెండూ కలిసేవి. మీకూ, మీ తరవాత మీ ఆవిడకీ నెలనెలా వచ్చేది." ఈ ఏడేళ్ళ డబ్బు వెనక్కి తీసుకోమని ఒక ఫారం చేతిలో పెట్టాడు.

ఇద్దరూ తిరుగు బస్సెక్కారు. గాజువాక వస్తుండగా గవర్రాజు అన్నాడు: "పోన్లే బావా. రేకులైతే ఇప్పటికీ కారట్లేదు. నీకూ తెలీదు, నాకూ తెలీదు. ఈ ఫారం కూడా నువ్వే రాసిపెట్టీ."

తిట్టినా బాగుండేది. నాకు తెలీదు సరే, అడగాలని తెలుసురా అని చెప్పాల్సిన ఎల్లాజీ, గవర్రాజు చేత సంతకం పెట్టించి ఫారాన్ని హాజరు పుస్తకంలో పెట్టుకున్నాడు.

తరవాతి నెలలో గవర్రాజు రుషికొండలో ఏదో ఆఫీసు గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేరాడు. ఇటు ఎల్లాజీ టీకొట్టులో ఎవడు ఫారం తెచ్చినా వదిలేవాడు కాదు. కన్నబాబు అనే వెల్డరు ఆ పెన్షన్ డబ్బులతో బండి కొనుక్కుంటానంటే సాయంత్రమంతా కూర్చోబెట్టి సర్టిఫికెట్టే రాయించాడు.

"ఏటి రైటరుగారూ, గవర్మెంటు నీకేమైనా జీతమిత్తందా?" అని కన్నబాబు వెటకారమాడితే, "ఒకడికి రాసింది సాల్రా," అన్నాడు.

ఒక ఆదివారం రెండు బస్సులు మారి రుషికొండ వెళ్ళాడు. నిజం చెప్పేసి, గవర్రాజు ఎదురుగానే ఆ ఫారం నింపాలని. నీలం చొక్కా వేసుకుని గవర్రాజు కార్లకు గేటు తీస్తున్నాడు.

"ఏటి బావా, ఇంత దూరమొచ్చీసినావ్?"

"ఊరికే, గాలికి."

"నా ఫారం ఏటయింది?"

"రాసేత్తన్నాన్రా."

చెప్పకుండా రాయడానికి చెయ్యి రావడంలేదు. చెప్పడానికి నోరు రావడంలేదు. గవర్రాజు సంతకం ఒక్కటే ఉన్న ఆ ఫారం, ఇంకా ఎల్లాజీ హాజరు పుస్తకంలోనే ఉంది.